మా అపార్ట్‌మెంట్ బీచ్‌లో సొరచేప పళ్లు

వైట్‌ఫీల్డ్‌లో నేను పని చేసే అపార్ట్‌మెంట్‌లో ఒక బీచ్ ఉండేది. బెంగళూరుకు సముద్రం ఎక్కడ నుంచి వచ్చిందని నవ్వకండి. ఈత కొలను వెనక, పిల్లల ఉయ్యాలల పక్కన, రెండు గదులంత జాగాలో మోకాలి లోతు గొయ్యి తవ్వి ఇసుక నింపారు. మూడు గొడుగులు పాతారు. క్రేన్‌తో తెచ్చి రెండు కొబ్బరిచెట్లు నిలబెట్టారు. పక్కన ‘బీచ్’ అని బోర్డు పెట్టారు. పెద్దవాళ్లు ఆ బోర్డు చూసి నవ్వుకునేవాళ్లు. పిల్లలు మాత్రం బీచ్‌కి పోతున్నామని ఇంట్లో చెప్పి మరీ వచ్చేవాళ్లు.

రోజూ పొద్దున ఆరున్నరకు ఆ ఇసుక పైపొర జల్లించడం మా హౌస్‌కీపింగ్‌లో ఒకరి డ్యూటీ. పిల్లలు ఇళ్లకు పోయాక అందులో పిల్లులు తిరిగేవి. పిల్లులు ఇసుకలో ఏం చేస్తాయో చెప్పనక్కర్లేదు. పదకొండు మందిమి ఉన్నా ఒక్కరూ ఆ డ్యూటీకి ఒప్పుకునేవాళ్లు కాదు. వంతులు వేస్తే ఒకరికి నడుంనొప్పి, ఇంకొకరికి దుమ్ము పడదు. చివరికి నేనే అడిగి తీసుకున్నాను. నాదేమీ త్యాగబుద్ధి కాదు. లిఫ్టుల అద్దాలు తుడవడం కన్నా ఇసుక జల్లించడం నాకు బాగా వచ్చు, అంతే.

మాది కదిరి దగ్గర పల్లె. నా చిన్నప్పుడే అమ్మా నాన్నా బెంగళూరుకు కూలికి వచ్చేశారు. నేను అవ్వ దగ్గర ఉండి తెలుగు బడిలో పదో తరగతి దాకా చదివాను. సెలవులు ఇస్తే అమ్మ దగ్గరికి వచ్చేదాన్ని. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఇప్పుడు ఆఫీసులు ఉన్న వీధుల్లో అప్పుడు పునాదులు లేస్తుండేవి. నాన్న ఇటుకలు మోసేవాడు. అమ్మ ఇసుక జల్లించేది. ఏటవాలుగా నిలబెట్టిన ఇనప జల్లెడ మీదికి పారతో విసిరితే సన్న ఇసుక అవతల పడేది, గులకరాళ్లు ఇవతలికి జారేవి. ఆ గులకల కుప్పలో నేను నత్తగుల్లలు ఏరుకునేదాన్ని. అమ్మ పిడికెడు ఇసుక తీసి రెండు అరచేతుల మధ్య నలిపి, చేతికి అంటిన మురికి చూసి, "ఇది మన్ను కలిసిన ఇసుక, గోడకు నిలవదు" అని మేస్త్రీకే చెప్పేది. ముందు ఆయన కసురుకునేవాడు. మరునాడు వేరే లోడు తెప్పించేవాడు.

ఒక ఏడు వానలు గట్టిగా పడ్డాయి. మా బీచ్ నిండా నీళ్లు నిలిచి పాత ఇసుక కంపు కొట్టింది. దాన్ని తీసేసి కొత్తది తెప్పించారు. టిప్పర్ వచ్చినప్పుడు దించుకోవడానికి నన్నే నిలబెట్టారు. ఈ ఇసుక పాతదానిలా తెల్లగా లేదు. కొంచెం పసుపు, కొంచెం ఎరుపు, పలుకు పెద్దది. అలవాటు కొద్దీ రెండు చేతుల మధ్య నలిపి చూశాను. మన్ను లేదు కానీ ఏదో సున్నంలాంటి తెల్లటి పొడి అంటింది.

డ్రైవరు తమిళాయన. "ఏ ఏటి ఇసుక అన్నా ఇది?" అని అడిగాను.

"అరియలూరు పక్కమ్మా. సిమెంటు ఫ్యాక్టరీలు లేవూ, ఆ సున్నపురాయి క్వారీల కింద వాగు. ఎందుకు?"

"ఊరికే."

నిజంగా ఊరికే అడిగాను. ఇసుక వస్తే ఎక్కడిదని అడగడం మా అమ్మ నుంచి వచ్చిన అలవాటు.

మూడో రోజో నాలుగో రోజో, జల్లెడలో చిప్స్ ప్యాకెట్ ముక్కా ఒక హెయిర్ క్లిప్పూ కొన్ని గులకలూ మిగిలాయి. వాటి మధ్య నల్లగా ఏదో మెరిసింది. గాజు పెంకు అనుకుని, పిల్లల కాళ్లకు గుచ్చుకుంటుందని పక్కకు తీశాను. చిటికెన వేలి గోరంత ఉంది. ముక్కోణంగా ఉంది. కింది భాగం నున్నగా ఉండి, పై భాగం గరుకుగా, బూడిద రంగులో రెండు పాయలుగా చీలి ఉంది. అంచు మీద బొటనవేలు జరిపితే సన్న రంపంలా గీరుకుంది. గాజు పగిలితే అలా పగలదు. రాయి కూడా అలా పగలదు. పారేయబుద్ధి కాక యూనిఫాం జేబులో వేసుకున్నాను.

మరుసటి వారానికి అలాంటివే ఇంకో మూడు దొరికాయి. ఒకటి కాస్త వంకర, ఒకటి సగం విరిగింది. కానీ నాలుగూ ఒకే పోలిక. అన్నిటికీ ఆ నున్నటి మెరుపూ ఆ గరుకు పాయలూ ఉన్నాయి. ఒకే అచ్చులో పోసినట్టున్నవి నాలుగు దొరికాక అది పెంకు కాదని నాకు రూఢి అయింది.

మా తోటమాలి హిందూపురం వైపు కుర్రోడు. నన్ను అక్కా అంటాడు. వాడికి చూపిస్తే రెండడుగులు వెనక్కి పోయాడు. "పాము కోర మాదిరి ఉండాదక్కా. ఇంట్లో పెట్టుకోవాకు, పారెయ్యి."

"పాముకు ఇంత వెడల్పు కోర ఎక్కడుంటుందిరా?"

"ఎంత పామో ఏమో!"

ఆ సాయంత్రం ఇంటికి తీసుకుపోయి అమ్మకు చూపించాను. నాన్న పోయాక అమ్మ మా దగ్గరే ఉంటోంది. చేతులు వణుకుతాయి కానీ వేళ్లలో తెలివి పోలేదు. నల్లదాన్ని వేళ్ల మధ్య తిప్పి తిప్పి చూసింది.

"ఏందిమే ఇది? పన్ను మాదిరి ఉండాదే."

"ఎవరి పన్ను?"

"మనిషిది కాదు, గొడ్డుది కాదు. కోసేదానికి ఉండే పన్ను ఇది." ఇంకోసారి వెలుగుకు ఎత్తి చూసింది. చివరికి, "ఇట్లాంటివి నేనూ చూసినానేమో మే. ఇసుకే కావాలని, మిగిలిందంతా పారేస్తా ఉంటిమి" అంది. ఆ మాట నాకు మనసులో గుచ్చుకుంది. అంత నేర్పున్న మనిషి ముప్పై ఏళ్లు ఇసుక జల్లిస్తే, ఏం దొరికిందమ్మా అని ఒక్కరూ అడగలేదు.

పన్ను అని మొదట చెప్పింది మా అమ్మే. తరవాత ఎవరెన్ని చెప్పినా ఆ లెక్క నేను మారనివ్వను.

మా అపార్ట్‌మెంట్ గ్రౌండ్ ఫ్లోర్‌లో ఒక సార్ ఉంటారు. కాలేజీలో రాళ్ల గురించి పాఠాలు చెప్పి రిటైరయ్యారు. తాతల నాటి నుంచి బెంగళూరులో ఉన్న తెలుగువాళ్లు. ఆయన తెలుగులో సగం కన్నడం కలిసి ఉంటుంది. బాల్కనీలో పూలకుండీలకు బదులు రాళ్లు పెట్టుకుంటారు. వాటిని తుడవడానికి ఇంట్లో పనమ్మాయికి కూడా ఇవ్వరు. ఒకరోజు ఆయన పొద్దున నడకకు వచ్చినప్పుడు ధైర్యం చేసి ఎదురు వెళ్లాను.

"సార్, ఇవి ఒకసారి చూస్తారా?"

నా అరచేతిలోకి వంగి చూశారు. కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ చూశారు. "యాడ సిక్కిందమ్మా ఇది?"

"ఇక్కడే సార్, మన బీచ్‌లో."

"తమాషా చేస్తా ఉండావా?"

"లేదు సార్. జల్లెడలో వచ్చాయి."

ఆయన నన్ను ఇంట్లోకి పిలిచి కుర్చీ వేశారు. నాలుగేళ్లుగా ఆ భవనంలో పని చేస్తున్నాను, ఒక ఫ్లాట్‌లో కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. భూతద్దం తెచ్చి ఒక్కొక్కటీ దీపం కింద పెట్టి చూశారు.

"ఇది సొరచేప పన్నమ్మా. సొరచేప తెలుసా?"

"సొరకాయ తెలుసు సార్."

ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. అప్పుడు వివరంగా చెప్పారు. సొరచేపకు పళ్లు వరసల మీద వరసలు ఉంటాయట. బతికినన్నాళ్లూ పాతవి రాలుతూ కొత్తవి వస్తూనే ఉంటాయట. రాలినవి సముద్రం అడుగున బురదలో కూరుకుపోయి, కోట్ల ఏళ్లలో రాయిలా గట్టిపడతాయట. "కానీ ఈ ఇసుక యాడిదో తెలిస్తే గదా! అదెవరికి తెలుస్తుంది?" అని తనలో తాను అనుకున్నట్టు అన్నారు.

"అరియలూరు సార్. సున్నపురాయి క్వారీల కింద వాగు."

ఆయన భూతద్దం కింద పెట్టేశారు. "నీకెట్ల తెలుసు?"

"డ్రైవర్ని అడిగాను."

"ఎందుకు అడిగినావు?"

"ఇసుక వస్తే అడగాలి కదా సార్."

అరియలూరు ఉన్న చోట ఒకప్పుడు సముద్రం ఉండేదనీ, ఆయన విద్యార్థుల్ని తీసుకుని అక్కడికి ఎన్నోసార్లు వెళ్లారనీ చెప్పారు. ఒక మాట మాత్రం దాచకుండా అన్నారు. "పుట్టిన తావు నుంచి కదిలిపోయిన దానికి పరిశోధనలో సగమే విలువమ్మా. కానీ పాఠం చెప్పేదానికి బంగారం."

మరునాడు పొద్దున ఆయన చిన్న స్టూలు, టోపీ, భూతద్దం తెచ్చుకుని బీచ్‌లో కూర్చున్నారు. గంటన్నర వెతికారు. ఒక్కటీ దొరకలేదు. ఆ గంటన్నరలో నాకు రెండు దొరికాయి. ఆయనకు చూపు తగ్గిందనుకుని జాలిపడ్డాను కానీ, అసలు సంగతి అది కాదు. ఆయన పన్ను ఆకారం కోసం వెతుకుతున్నారు. పన్ను ఎప్పుడూ ఫోటోలో ఉన్నట్టు పడుకుని ఉండదు. నిలువుగా ఉంటుంది, బోర్లా ఉంటుంది, పలుకుల కింద కొన మాత్రం కనిపిస్తుంది. నేను మెరుపు కోసం చూస్తాను. తడి ఇసుక మీద పొద్దుటి ఎండ ఏటవాలుగా పడినప్పుడు రాయి ఒక రకంగా మెరుస్తుంది, పన్ను ఇంకో రకంగా, నూనె రాసినట్టు మెరుస్తుంది. ఆ తేడా చెబితే ఆయన శ్రద్ధగా విన్నారు. "మళ్లీ చెప్పు" అని నోట్‌బుక్‌లో రాసుకున్నారు. నేను చెప్పింది ఒక లెక్చరర్ రాసుకున్నాడని ఆ రాత్రి మా ఆయనకు మూడుసార్లు చెప్పాను. మూడోసారి ఆయన, "ఇందాకే చెప్పావు" అన్నాడు. అయినా విన్నాడు.

ఇట్లాంటి సంగతి దాగదు. సార్ తన నడక స్నేహితులకు చెప్పారు. వాళ్లు మనవలకు చెప్పారు. వారం తిరిగేసరికి పిల్లలంతా ప్లాస్టిక్ పారలతో బీచ్‌ని తవ్విపోస్తున్నారు. అందులో ఒక పాపకు పాదంలో గుచ్చుకుంది. గుచ్చుకుంది పన్నే. ఆ పాప తల్లి సాఫ్ట్‌వేర్‌లో పని చేస్తుంది, హైదరాబాద్ వైపు ఆమె. రక్తం కారుతున్న పాదం ఫోటో తీసి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టింది. సాయంత్రానికల్లా ఇసుక తీసేసి పచ్చ ప్లాస్టిక్ గడ్డి పరచాలని యాభై మంది రాశారట.

మరునాడు మేనేజరు నన్ను ఆఫీసుకు పిలిచాడు. ఆయనది మంగళూరు వైపు. నాతో కన్నడలోనే మాట్లాడతాడు, నేను కన్నడలోనే జవాబిస్తాను. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"ఇసుకలో పదునైనవి ఉన్నాయని నీకు ముందే తెలుసా?"

"తెలుసు సార్. దొరికినవన్నీ తీసేస్తూనే ఉన్నాను."

"తీసినవి ఎక్కడ?"

"ఇంట్లో ఉన్నాయి. డబ్బాలో పెట్టాను."

"ఇక్కడ ఏం దొరికినా లాస్ట్ అండ్ ఫౌండ్ రిజిస్టర్‌లో రాయించాలని రూలు. తెలియదా? దొంగతనం అంటారు దీన్ని."

ఆ మాటకు నా ఒళ్లు మండింది. బంగారు చెవిపోగు దొరికినప్పుడు తెచ్చి ఇచ్చాను. ఫోన్లు ఇచ్చాను. అప్పుడు ఎవరూ మెచ్చుకోలేదు సరే, ఇప్పుడు దొంగతనమా? ఆ మధ్యాహ్నమే ఇంటికి పోయి డబ్బా తెచ్చి ఆయన టేబుల్ మీద పెట్టాను. పందొమ్మిది పళ్లు ఉన్నాయి.

"రాయండి సార్ రిజిస్టర్‌లో."

ఆయన పెన్ను తీశాడు. వస్తువు అనే గడిలో ‘పళ్లు’ అని రాశాడు. దొరికిన చోటు, బీచ్. పోగొట్టుకున్న వారి పేరు అనే గడి దగ్గర పెన్ను ఆగింది.

"సొరచేప అని రాయండి" అన్నాను.

పక్కన కూర్చున్న అకౌంట్స్ అమ్మాయి నవ్వు ఆపుకోలేక బయటికి పోయింది. మేనేజరుకు కూడా నవ్వు వచ్చింది కానీ మింగేశాడు. ఆ గడి ఖాళీగా వదిలేశాడు. పళ్లు మాత్రం డ్రాయర్‌లో పెట్టి తాళం వేశాడు. ఆదివారం కమిటీ మీటింగ్‌లో తేలుస్తామన్నాడు.

రాళ్ల సార్ దగ్గరికి పోయి జరిగింది చెప్పాను. ఆయన, "ఆదివారం నువ్వు రావాలమ్మా" అన్నారు.

"నేనెందుకు సార్? మీరు చెబితే చాలదా?"

"నేను చెబితే ఫోన్లు చూసుకుంటా కూర్చుంటారు. నువ్వు చూపించు."

ఆదివారం క్లబ్‌హౌస్‌లో పాతిక మంది దాకా కూర్చున్నారు. సార్ అన్నట్టే జరిగింది. ఆయన ఇంగ్లీషులో పది నిమిషాలు చెప్పేసరికి సగం మంది ఫోన్లు చూస్తున్నారు. అప్పుడు ఆయన నా వైపు చెయ్యి చూపించి కూర్చున్నారు. నేను రెండు పెద్ద ట్రేలలో, ఒక మూల నుంచి ఇంకా జల్లించని అడుగు ఇసుక తెచ్చి పెట్టుకున్నాను. అందులో పన్ను ఉందో లేదో నాకూ తెలియదు. లేచి ట్రేలు ముందుకు జరిపాను. కొంచెం కన్నడ, కొంచెం తెలుగు, వచ్చిన నాలుగు ఇంగ్లీషు మాటలు కలిపి, "దయచేసి ఎవరైనా వచ్చి వెతకండి" అన్నాను.

ముందు ఎవరూ లేవలేదు. తరవాత ఒకరిద్దరు, ఆపైన ఏడెనిమిది మంది చుట్టూ చేరారు. వేళ్లతో కెలికారు. ఐదు నిమిషాలు కెలికి, ఏమీ లేదన్నారు. నేను సీసాలో నీళ్లు తీసి ఇసుక మీద చిలకరించాను. ట్రేని కిటికీ వైపు తిప్పి, ఒక పక్క ఎత్తి పట్టుకున్నాను.

"పన్ను కోసం చూడకండి. మెరుపు కోసం చూడండి. రాయి మెరుపు కాదు, నూనె మెరుపు."

అప్పుడే నాకు కనిపించింది. ట్రే కుడి మూలలో, ఆవగింజంత నల్లటి కొన. చెప్పలేదు. నాలుక చివరి దాకా వచ్చింది, ఆపుకున్నాను. నా పక్కన, పాదంలో పన్ను గుచ్చుకున్న పాప తల్లి నిలబడి ఉంది. మీటింగ్ మొదట్లో, "ఇంత షార్ప్‌గా ఉంటే పిల్లలు ఎలా ఆడతారండీ?" అని గట్టిగా అడిగింది ఆమే. ఆమె కూడా వంగి చూస్తోంది.

"అదేంటి? ఆ మూలకి..."

"తీయండి మేడమ్."

రెండు వేళ్లతో తీసింది. అంతవరకు దొరికినవాటన్నిటిలోకీ పెద్దది. బొటనవేలంత ఉంది. రెండు పాయలూ చెక్కుచెదరలేదు, అంచున రంపం ఒక్క పలుకు విరగలేదు. ఆమె గట్టిగా కేక వేసింది. పాతిక మందీ లేచి వచ్చారు. ఎవరు అడిగినా చేతికి ఇవ్వడం లేదు. "నేనే చూశాను, నాకే కనిపించింది!" అని చిన్నపిల్లలా అందరికీ చెబుతోంది. నాకు ఎంత సంతోషం కలిగిందో! నేనే తీసి ఉంటే అందులో సగం కూడా కలిగేది కాదు.

ఇసుక తీయాలా వద్దా అనే మాట ఆ తరవాత ఎక్కువసేపు సాగలేదు. నాలుగు నెలలు ఉంచుదామన్నారు. చెప్పులు లేకుండా ఎవరూ దిగకూడదు. ప్రతి ఆదివారం పొద్దున ఎనిమిది నుంచి పది దాకా నేను దగ్గరుండి పిల్లలతో వెతికించాలి. ఇసుకంతా జల్లించడం అయ్యాకే గడ్డి. మేనేజరు డ్రాయర్ తెరిచి డబ్బా నా చేతికి తిరిగి ఇచ్చాడు. "ఆ మాట అనకుండా ఉండాల్సింది" అన్నాడు మెల్లగా. ఏ మాటో ఇద్దరికీ తెలుసు. నేను తల ఊపాను.

ఆ నాలుగు నెలల ఆదివారాలు నా బతుకులో మంచి రోజులు. జల్లెడ పట్టుకోవడం, ఇసుక తడపడం, ఎండకు ఎదురుగా కూర్చోవడం పిల్లలకు నేర్పాను. అంతకుముందు నా పక్క నుంచి పోతూ కూడా నన్ను చూడని పెద్దవాళ్లు, "అక్కా, ఇది పన్నేనా?" అని రాయి ముక్కలు తెచ్చి చూపించేవాళ్లు. పదింటిలో తొమ్మిది రాళ్లే. కాదని చెప్పడం కూడా నాకు ఇష్టంగానే ఉండేది. అపార్ట్‌మెంట్‌లో నా మాటకు అప్పీలు లేని విషయం అదొక్కటే. మా తోటమాలి కూడా భయం మాని రెండు పళ్లు పట్టుకున్నాడు. "పాముది కాదులే అక్కా" అని తనే ఒప్పుకున్నాడు.

అన్నీ కలిపి అరవై మూడు పోగయ్యాయి. ఆఖరి తట్ట జల్లించిన రోజు సార్ కొన్ని పిల్లలకు ఇచ్చి, మిగిలినవి దూది పరిచిన పెట్టెలో వరసగా అమర్చారు. పెద్దది తను దాచుకోకుండా పాప తల్లే తెచ్చి పెట్టెలో పెట్టింది. ఆ పెట్టెను ఆయన పాఠాలు చెప్పిన కాలేజీలో, రాళ్ల అద్దాల బీరువాలో పెట్టారు.

పెట్టిన రోజు నన్ను, అమ్మను, మా ఆయన్ను కారులో తీసుకుపోయారు. నేను పెళ్లిళ్లకు కట్టే చీర కట్టుకున్నాను. అమ్మ బీరువా ముందు నిలబడి అద్దానికి ముఖం ఆనించి చూసింది. "కడిగి పెట్టినారు, బాగుండాయి" అంది. ఒక అమ్మాయి, చదువుకుంటున్న పిల్ల, నా దగ్గరికి వచ్చి, "మేడమ్, మీరు ఎలా కనిపెట్టారు? మా ఫీల్డ్ ట్రిప్‌లో మాకు ఒక్కటీ దొరకలేదు" అని అడిగింది. ఆ పిల్లకు అరగంట చెప్పాను. మధ్యలో ఇంకో నలుగురు వచ్చి చేరారు. చెబుతున్నంతసేపూ మాట కోసం ఒక్కసారి కూడా తడుముకోలేదు.

పెట్టె పక్కన చిన్న అట్ట మీద కన్నడలోనూ ఇంగ్లీషులోనూ మూడు వరసలు రాసి ఉన్నాయి. సొరచేప పళ్లు అని ఒక వరస. అరియలూరు ప్రాంతపు ఇసుక నుంచి అని ఒక వరస. మూడో వరసలో, కనుగొన్నవారు అని రాసి, నా పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా ఉంది. జీతం కాగితంలో కూడా నా ఇంటిపేరు ఎప్పుడూ తప్పే పడుతుంది. అక్కడ ఒక్క అక్షరం తప్పు లేదు. కన్నడ అక్షరాలు మన తెలుగువాటికి దగ్గరే కదా, వేలు పెట్టి అక్షరం అక్షరం చదువుకున్నాను.

మా ఆయన నన్ను ఆ అట్ట పక్కన నిలబెట్టి ఫోటో తీశాడు. మొదటిసారి కళ్లు మూసుకుపోయాయి, రెండోది బాగా వచ్చింది. ఇంటికి చేరకముందే మా చుట్టాలందరికీ పంపేశాడు. కదిరి నుంచి మా పిన్ని ఫోన్ చేసి, "పళ్ల డాక్టరు దగ్గర చేరినావంట గదా మే, జీతమెంత?" అని అడిగింది. నవ్వీ నవ్వీ కళ్లలో నీళ్లు వచ్చాక మొదటి నుంచి అంతా చెప్పాను. ఫోన్‌లో ఇంకా ఆ ఫోటోనే పెట్టుకుని ఉన్నాను.